బీటా కణాలు – వైద్య చిత్రణ పరిమితులు: ఒక చారిత్రక పరిశీలన
(దిల్‌సుఖ్‌నగర్ – ఎల్.బి.నగర్ నేపథ్యం)

వ్యాససంగ్రహం

మధుమేహానికి క్లోమంలోని బీటా కణాలతో ఉన్న సంబంధం వైద్యశాస్త్రంలో స్థిరపడి చాలాకాలమైంది. అయినా బతికున్న మనిషిలో ఆ కణాలు ఎన్ని మిగిలాయో చూసి చెప్పగల చిత్రణ పద్ధతి నేటికీ నిత్యవైద్యంలోకి రాలేదు. 1869లో లాంగర్‌హాన్స్ పరిశీలన మొదలుకొని ఇటీవలి పెట్ స్కాన్ పరిశోధనల వరకు సాగిన ప్రయత్నాలను ఈ వ్యాసం చారిత్రక క్రమంలో పరిశీలిస్తుంది. ప్రతి పద్ధతీ బీటా కణాలకు దగ్గరగా ఉన్న మరొక అంశాన్ని కొలిచిందనీ, ఆ తేడాను మరచినచోటే అపార్థాలు పుట్టాయనీ నిరూపించడం దీని ఉద్దేశం. తూర్పు హైదరాబాద్‌లోని దిల్‌సుఖ్‌నగర్ – ఎల్.బి.నగర్ ప్రాంతాన్నీ, ఉప్పల్ మార్గంలోని సీసీఎంబీ పరిశోధనలనూ ఈ చర్చకు నేపథ్యంగా తీసుకోవడం జరిగింది.

కీలకపదాలు: మధుమేహం, క్లోమం, బీటా కణరాశి, లాంగర్‌హాన్స్ పుటికలు, పెట్ స్కాన్, సి-పెప్టైడ్, సీసీఎంబీ, వైద్య చరిత్ర.

1. ఉపోద్ఘాతం

చాదర్‌ఘాట్ దాటి మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేటల మీదుగా ఎల్.బి.నగర్ కూడలికి చేరే రహదారి హైదరాబాద్‌ను విజయవాడ వైపు కలిపే ప్రధాన మార్గం. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట – ఎల్.బి.నగర్ మెట్రో ప్రారంభమయ్యాక ఈ దారికి రద్దీతో పాటు ప్రాధాన్యమూ పెరిగింది. ఉద్యోగ పరీక్షల శిక్షణ కోసం జిల్లాల నుంచి వచ్చే యువత దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, గడ్డిఅన్నారం వీధుల్లోని హాస్టళ్లలో ఉంటారు. ఆసుపత్రులు, స్కానింగ్ కేంద్రాలు, రక్తపరీక్షల కేంద్రాలు ఈ దారి పొడవునా కనిపిస్తాయి. దశాబ్దాల పాటు మామిడి, బత్తాయి లారీలతో కిటకిటలాడిన గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ స్థలంలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రికి 2022 ఏప్రిల్ 26న శంకుస్థాపన జరగడం ఈ ప్రాంత పరిణామానికి ఒక గుర్తు.

ఇటువంటి స్కానింగ్ కేంద్రాల్లో కడుపునొప్పికో, సాధారణ ఆరోగ్య పరీక్షల్లో భాగంగానో అల్ట్రాసౌండ్ తీయించుకున్న మధుమేహ రోగి నివేదికలో క్లోమం పరిమాణం, ఆకృతి సాధారణంగా ఉన్నాయన్న వాక్యం కనబడటం పరిపాటి. అదే రోగి రక్తపరీక్షలో చక్కెర 300 దాటి ఉండవచ్చు. ఒక కాగితం అవయవం బాగుందంటుంది, మరొకటి అవయవం చేయవలసిన పని జరగడం లేదంటుంది. ఈ రెండింటిలో ఏది నిజమన్న ప్రశ్న రోగికి కలగడం సహజం. రెండూ నిజమే. స్కాన్ దేన్ని చూసింది, దేన్ని చూడలేదు అన్నది తెలిస్తేనే ఆ రెండు నిజాలకూ పొత్తు కుదురుతుంది.

ఐసీఎంఆర్ – ఇండియాబ్ అధ్యయనం 2023లో ప్రకటించిన అంచనా ప్రకారం దేశంలో సుమారు 10.1 కోట్ల మంది మధుమేహంతో జీవిస్తున్నారు. ఇంత విస్తృతమైన వ్యాధిలో మూలకారణమైన కణాన్ని లెక్కించలేకపోవడం వైద్యచరిత్రలో ప్రత్యేకంగా అధ్యయనం చేయదగిన విషయం.

2. పేర్లలో దాగిన చరిత్ర

మధుమేహం అన్న పేరు మూత్రంలోని తీపిని బట్టి ఏర్పడింది. ఆయుర్వేద సంహితలు ప్రమేహాలను ఇరవై విధాలుగా వర్గీకరించి, మధుమేహాన్ని వాటిలో ఒకటిగా పేర్కొన్నాయి. తెలుగులో వాడుకలో ఉన్న అతిమూత్రవ్యాధి, చక్కెర వ్యాధి అన్న పేర్లూ బయటికి కనిపించే లక్షణం నుంచి పుట్టినవే. ఐరోపాలో మాథ్యూ డాబ్సన్ 1776లో రోగుల మూత్రంలోనూ రక్తంలోనూ తీపి పదార్థం ఉందని ప్రయోగపూర్వకంగా చూపినప్పుడు కూడా చర్చ ఆ లక్షణం చుట్టూనే సాగింది. వ్యాధికి నిలయమైన అవయవం ఏదో అప్పటికి తెలియదు.

అవయవం పేరు విషయంలోనూ స్పష్టత ఆలస్యంగానే వచ్చింది. ప్రాచీన వైద్యగ్రంథాల్లోని ‘క్లోమ’ శబ్దం ఏ అవయవాన్ని సూచిస్తుందన్న దానిపై వ్యాఖ్యాతల మధ్య ఏకాభిప్రాయం లేదు. ఆధునిక తెలుగు పాఠ్యపుస్తకాలు ఆ శబ్దాన్ని జీర్ణాశయం వెనుకనున్న గ్రంథికి స్థిరపరిచాయి. హిందీ పాఠ్యపుస్తకాలు అదే గ్రంథిని అగ్న్యాశయం అని వ్యవహరించి, క్లోమ శబ్దాన్ని చేపల మొప్పలకు వాడుతున్నాయి.

ఇన్సులిన్ తయారుచేసే కణాల గుంపులకు తెలుగులో లాంగర్‌హాన్స్ పుటికలు అన్న పేరు స్థిరపడింది. 1893లో ఫ్రెంచి శాస్త్రవేత్త ఎడువార్ లాగెస్ వీటికి పెట్టిన పేరుకు చిరుద్వీపాలు అని అర్థం. పుటిక అన్నప్పుడు దేనినో ఇముడ్చుకున్న చిన్న పాత్ర స్ఫురిస్తుంది. ద్వీపం అన్నప్పుడు చుట్టూ ఉన్న సముద్రం కూడా స్ఫురిస్తుంది. తెలుగు అనువాదంలో జారిపోయిన ఆ సముద్రమే చిత్రణకు పెద్ద అడ్డంకి. చుట్టూ ఉన్న జీర్ణరస కణజాలం నుంచి ఈ దీవులను విడదీసి చూడటం ఎలా అన్న ప్రశ్న చుట్టూనే తరువాతి చరిత్ర నడిచింది.

3. మరణానంతర లెక్క

1869లో బెర్లిన్‌లో వైద్యవిద్యార్థిగా ఉన్న పాల్ లాంగర్‌హాన్స్ కుందేలు క్లోమాన్ని సూక్ష్మదర్శినిలో పరిశీలించి, మిగిలిన కణజాలానికి భిన్నంగా ఉన్న చిన్న చిన్న కణ సమూహాలను వర్ణించారు. అప్పటికి ఆయన వయసు 21 ఏళ్లు. అవి చేసే పనేమిటో ఆయన చెప్పలేకపోయారు. 1889లో స్ట్రాస్‌బర్గ్‌లో మింకోవ్‌స్కీ, ఫాన్ మేరింగ్‌లు కుక్క క్లోమాన్ని తొలగించి, మధుమేహం రావడాన్ని గమనించారు. 1901లో అమెరికాలో యూజీన్ ఓపీ మధుమేహంతో మరణించినవారి పుటికల్లో క్షీణతను గుర్తించారు. 1907లో మైకేల్ లేన్ పుటికల్లోని కణాలను ఆల్ఫా, బీటా అని వేరుచేశారు. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్‌ల కృషితో ఇన్సులిన్ వెలికివచ్చింది. కణం, దాని స్రావం, దాని లోపం వల్ల కలిగే వ్యాధి అన్న మూడింటి సంబంధం ఈ విధంగా అర్ధశతాబ్దంలో రూపుదిద్దుకుంది.

కణాల లెక్క మాత్రం శవపరీక్ష బల్ల దగ్గరే ఆగిపోయింది. 1965లో బెల్జియం శాస్త్రవేత్త విల్లీ గెప్ట్స్, వ్యాధి బయటపడిన కొద్దికాలానికే మరణించిన యువ రోగుల క్లోమాలను పరిశీలించారు. బీటా కణాలు బాగా తగ్గిపోవడమే గాక, చాలామంది పుటికల్లో రక్షణకణాలు చొరబడి ఉండటాన్ని ఆయన చూపారు. టైప్ 1 మధుమేహం శరీరం తన కణాలపై తానే చేసే దాడి అన్న అవగాహనకు ఈ పరిశీలన బలమైన ఆధారమైంది. 2003లో పీటర్ బట్లర్ బృందం 124 మంది క్లోమాలను శవపరీక్షల్లో పరిశీలించింది. స్థూలకాయం గల టైప్ 2 రోగుల్లో బీటా కణాల పరిమాణం, అంతే స్థూలకాయం ఉండి మధుమేహం లేనివారితో పోలిస్తే 63 శాతం తక్కువగా ఉంది. సన్నగా ఉన్న రోగుల్లో ఈ తగ్గుదల 41 శాతం. పరగడుపు చక్కెర కొద్దిగా పెరిగిన దశలోనే 40 శాతం లోటు కనిపించింది.

నేటికీ బీటా కణాల సంఖ్య గురించిన ప్రామాణిక జ్ఞానంలో అధికభాగం ఇటువంటి పరిశీలనల నుంచి వచ్చినదే. వీటికి రెండు పరిమితులు ఉన్నాయి. మొదటిది, జీర్ణరసాలకు నిలయమైన క్లోమం మరణానంతరం తనను తానే జీర్ణించుకోవడం మొదలుపెడుతుంది. ఆలస్యమైన కొద్దీ సాక్ష్యం చెరిగిపోతుంది. రెండవది, శవపరీక్ష ఒక్క క్షణాన్ని మాత్రమే చూపుతుంది. ఆ వ్యక్తికి పదేళ్ల కిందట ఎన్ని కణాలు ఉండేవో చెప్పదు. ఆరోగ్యవంతుల్లోనే బీటా కణరాశి ఒకరికీ మరొకరికీ మధ్య అనేక రెట్లు తేడాగా ఉంటుంది. అందువల్ల తక్కువగా కనిపించిన రాశి వ్యాధివల్ల తగ్గినదో, పుట్టుకతోనే తక్కువగా ఉన్నదో ఒక్క కొలతతో తేల్చడం సాధ్యం కాదు. బతికున్న మనిషిలో, కాలక్రమంలో పదేపదే కొలవగల సాధనం కోసం అన్వేషణ మొదలవడానికి కారణం ఇదే.

4. ఎక్స్‌రే నుంచి ఎం.ఆర్.ఐ. వరకు

రాంట్‌జెన్ 1895లో కనుగొన్న ఎక్స్‌రేకు మెత్తని క్లోమం కనిపించదు. అందులో గట్టిపడిన సున్నపు రాళ్లుంటే మాత్రం తెల్లని చుక్కలుగా కనిపిస్తాయి. ఉష్ణమండల దేశాల్లో, ముఖ్యంగా కేరళలో, బక్కపలచని యువకుల్లో క్లోమనాళంలో రాళ్లు ఏర్పడి, కడుపునొప్పితో పాటు మధుమేహమూ వచ్చే వ్యాధిని గీవర్గీస్ వంటి వైద్యులు విస్తృతంగా అధ్యయనం చేశారు. ఈ వ్యాధి నిర్ధారణలో చిత్రణదే ప్రధానపాత్ర. రోగికి ఉన్నది సాధారణ మధుమేహం కాదని ఒక్క ఎక్స్‌రే, లేదా అల్ట్రాసౌండ్ తేల్చగలదు.

ఈ వ్యాధి పరిశోధనలో హైదరాబాద్‌కు చెప్పుకోదగిన స్థానం ఉంది. ఎల్.బి.నగర్ నుంచి నాగోలు, ఉప్పల్ మీదుగా వెళితే హబ్సిగూడలో వచ్చే కణ, అణు జీవశాస్త్ర కేంద్రం – సీసీఎంబీ – 1977లో ఆరంభమైంది. అక్కడ జి.ఆర్. చందక్ బృందం 2002లో ప్రచురించిన పరిశోధన, ఈ ఉష్ణమండల క్లోమవ్యాధికి స్పింక్1 జన్యువులోని మార్పులతో బలమైన సంబంధం ఉందని చూపింది. క్లోమంలో జీర్ణరసాలు ముందుగానే క్రియాశీలం కాకుండా అదుపుచేసే ప్రోటీన్‌కు ఆధారం ఈ జన్యువు.

చిత్రణ విజయవంతమైన ఈ వ్యాధిలోనూ దాని పరిమితి స్పష్టంగానే కనిపిస్తుంది. రాళ్ల సంఖ్యను బట్టి బీటా కణాల సంఖ్యను చెప్పలేం. 1983లో మద్రాసు నుంచి వి. మోహన్, స్నేహలత, రామచంద్రన్‌లు వెలువరించిన అధ్యయనంలో ఈ రోగుల సి-పెప్టైడ్ స్థాయి టైప్ 1, టైప్ 2 రోగుల స్థాయిలకు నడుమ ఉన్నట్లు తేలింది. రాళ్లు ఉన్నాయని ఫిల్ము చెప్పింది. ఎంత ఇన్సులిన్ శక్తి మిగిలిందో రక్తమే చెప్పవలసి వచ్చింది.

1971లో హౌన్స్‌ఫీల్డ్ ప్రవేశపెట్టిన సీటీ స్కాన్, ఆపై లాటర్‌బర్, మాన్స్‌ఫీల్డ్‌ల కృషితో రూపొందిన ఎం.ఆర్.ఐ. క్లోమం ఆకృతిని స్పష్టంగా చూపాయి. టైప్ 1 రోగుల్లో క్లోమం గణనీయంగా చిన్నదవుతుందని వీటి ద్వారా తెలిసింది. ఇక్కడ ఒక చిక్కు ఉంది. క్లోమంలో పుటికల వాటా ఒకటి, రెండు శాతం మాత్రమే. వాటిలోని బీటా కణాలన్నీ నశించినా అవయవం పరిమాణంలో ఆ తేడా కంటికి ఆనదు. కాబట్టి స్కాన్‌లో కనిపించే కుదింపు ప్రధానంగా జీర్ణరస కణజాలానిది. బీటా కణాలు పోయిన రోగిలో క్లోమం చిన్నదైనమాట నిజమే అయినా, ఆ చిన్నదనం బీటా కణాల కొలత కాదు.

5. జాడ తెలిపే అణువులు

ఆకృతితో పని కాదని తేలాక, బీటా కణానికి మాత్రమే అంటుకునే అణువుకు రేడియోధార్మికతను జోడించి, శరీరంలోకి పంపి, పెట్ లేదా స్పెక్ట్ స్కాన్‌తో దాని జాడ పట్టాలన్న ఆలోచన బలపడింది. ఈ మార్గానికి ఎదురైన అడ్డంకిని ఒక చిన్న లెక్కతో గ్రహించవచ్చు. ఒక్కో పుటిక వ్యాసం సగటున మిల్లీమీటరులో పదో వంతు. పెట్ స్కాన్ వేరుచేయగల కనీస దూరం నాలుగైదు మిల్లీమీటర్లు. నాలుగు మిల్లీమీటర్ల ఘనంలో పదో వంతు మిల్లీమీటరు ఘనాలు 64,000 పడతాయి. అంటే స్కాన్‌కు పుటిక విడిగా కనిపించదు. ఆ ప్రాంతమంతటి నుంచి వచ్చే మొత్తం కాంతి మాత్రమే అందుతుంది.

రెండవ లెక్క మరింత కఠినమైనది. కణజాలంలో బీటా కణాలు ఒక శాతం అనుకుంటే, ఇతర కణాలకంటే వాటికి నూరు రెట్లు ఎక్కువగా అంటుకునే అణువును తయారుచేసినా, స్కాన్‌కు చేరే సంకేతంలో దాదాపు సగం బీటాయేతర కణాల నుంచే వస్తుంది. బీటా కణాలన్నీ నశించిన రోగిలో సైతం ఆ మిగతా సగం వెలుగుతూనే ఉంటుంది.

చరిత్రలో జరిగిందీ ఇంచుమించు ఇదే. వీమాట్2 అనే ప్రోటీన్‌కు అంటుకునే డీటీబీజెడ్ అణువుతో 2006లో ఎలుకలపై వచ్చిన ఫలితాలు ఆశలు రేపాయి. 2009లో గోలాండ్ బృందం మనుషులపై అధ్యయనాన్ని ప్రచురించింది. దీర్ఘకాలంగా టైప్ 1 ఉన్నవారి సంకేతం ఆరోగ్యవంతుల కంటే తగ్గినా, బీటా కణాల పని పూర్తిగా కోల్పోయినవారిలో ఉండవలసినంతగా తగ్గలేదు. ఆ ప్రోటీన్ క్లోమంలోని ఇతర కణాల్లోనూ, నాడుల కొసల్లోనూ ఉండటం ఇందుకు ఒక కారణం. ఎలుకల బీటా కణాల్లో అసలు ఈ ప్రోటీన్ ఉందా అన్న సందేహం సైతం తరువాతి పరిశోధనల్లో వచ్చింది.

మరొక దారి ఒక బల్లి విషం నుంచి తెరుచుకుంది. గిలా మాన్‌స్టర్ అనే అమెరికా ఎడారి బల్లి విషంలో 1992లో జాన్ ఎంగ్ గుర్తించిన ఎక్సెండిన్-4, బీటా కణంపై ఉండే జీఎల్‌పీ-1 గ్రాహకానికి అంటుకుంటుంది. నెదర్లాండ్స్ పరిశోధకులు 2014లో దీని ఆధారంగా టైప్ 1 రోగులకూ ఆరోగ్యవంతులకూ మధ్య స్పష్టమైన తేడాను చిత్రించగలిగారు. ఇప్పటివరకు వచ్చిన మార్గాల్లో ఆశాజనకమైనవాటిలో ఇదొకటి. అయితే ఈ అణువు మూత్రపిండాల్లో విపరీతంగా పేరుకుంటుంది. క్లోమం తోకభాగం ఎడమ మూత్రపిండానికి పక్కనే ఉండటంవల్ల ఆ వెలుగు దీనిపై పడి కొలతను తారుమారు చేయగలదు. పైగా ఈ పద్ధతి లెక్కించేది గ్రాహకాలను. రక్తంలో చక్కెర ఎక్కువకాలం పెరిగి ఉంటే, కణం బతికే ఉన్నా గ్రాహకాలు తగ్గవచ్చు.

ఈ సాధనాలు పూర్తిగా నిష్ఫలమని భావించరాదు. పుట్టుకతోనే ఇన్సులిన్ అతిగా స్రవించే శిశువుల్లో దోషభాగం ఒకేచోట గుంపుగా ఉన్నప్పుడు ఫ్లోరిన్-18 డోపా పెట్ దాన్ని చూపి, శస్త్రవైద్యునికి దారి చూపుతోంది. అక్కడ వెతికేది ఒకచోట పేరుకున్న కణరాశి. మధుమేహంలో వెతకవలసింది లక్షల దీవుల్లో చెదిరి, అందులోనూ తరిగిపోతున్న రాశి. ఒకే సాధనం ఒకచోట నెగ్గి, మరొకచోట ఓడటానికి కారణం ఈ విస్తరణ భేదమే.

6. ఉండటం, పనిచేయడం

బీటా కణాలన్నీ లెక్కకు చిక్కాయని అనుకున్నా, ఉన్న కణం పనిచేస్తోందా అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. ఈ ప్రశ్నకు మూలమైన జీవరసాయన జ్ఞానంలో ఒక తెలుగువాని కృషి ఉంది. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్క్‌తో కలిసి హార్వర్డ్‌లో 1925లో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని రూపొందించారు. ఆ బృందమే 1929లో ఏటీపీని వేరుచేసింది. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే ఏడాది దాన్ని గుర్తించారు. బీటా కణంలో చక్కెర దహనమైనప్పుడు ఏటీపీ పెరుగుతుంది, పొటాషియం ద్వారాలు మూసుకుంటాయి, కాల్షియం లోపలికి వస్తుంది, ఇన్సులిన్ వెలువడుతుంది. ఏటీపీకీ ఈ ద్వారాలకూ ఉన్న సంబంధం 1984లో ప్రచురితమైన పరిశోధనల్లో స్పష్టమైంది. ఈ గొలుసులో ఏ లంకె సడలినా, కణం ఉండీ ప్రయోజనం ఉండదు. ఏ స్కానూ ఆ లంకెను నేరుగా చూపదు.

పనితీరును కొలిచే సాధనం రక్తపరీక్ష నుంచి వచ్చింది. బెర్సన్, యాలోలు 1950ల చివర రూపొందించిన రేడియో ఇమ్యునో ఎస్సే రక్తంలోని ఇన్సులిన్‌ను కొలిచే వీలు కల్పించింది. 1967లో డొనాల్డ్ స్టైనర్ ప్రోఇన్సులిన్‌ను వెల్లడించారు. అది చీలినప్పుడు ఇన్సులిన్‌తో సమానసంఖ్యలో వెలువడే సి-పెప్టైడ్, రోగి బయటి నుంచి ఇన్సులిన్ తీసుకుంటున్నా అతని సొంత స్రావాన్ని విడిగా చెప్పగలదు. దీనికీ పరిమితి ఉంది. ఇది కణాల పనిని చెబుతుంది, సంఖ్యను చెప్పదు. అధిక చక్కెర వల్ల అలసిన కణాలు తాత్కాలికంగా తక్కువ స్రవించవచ్చు.

ఈ భేదం ఎంత లోతైనదో రెండు పరిశోధనలు తెలుపుతాయి. 2012లో డొమెనికో అచ్చీలీ బృందం, ఎలుకల్లో బీటా కణాలు చనిపోకుండానే తమ గుర్తింపును కోల్పోయి అపరిపక్వ స్థితికి జారుకోవడాన్ని చూపింది. ఇన్సులిన్ ఆధారంగా లెక్కించేవారికి ఆ కణం లేనట్లే, శరీరంలో మాత్రం ఉన్నట్లే. 2017లో బ్రిటన్‌లోని డైరెక్ట్ అధ్యయనంలో, ఆహార నియమంతో బరువు తగ్గించిన టైప్ 2 రోగుల బృందంలో 46 శాతం మంది ఏడాది చివరికి మందులు లేకుండానే మధుమేహ స్థాయి దిగువకు వచ్చారు. పోయాయనుకున్న కణాల్లో కొన్ని పని మానుకుని ఉన్నాయన్న వాదనకు ఇది ఊతమిచ్చింది. జోస్లిన్ కేంద్రం 2010లో ప్రచురించిన అధ్యయనం, యాభై ఏళ్లకు పైగా టైప్ 1తో జీవించినవారి క్లోమాల్లోనూ బీటా కణాలు మిగిలి ఉండటాన్ని నమోదుచేసింది.

7. స్థానిక సందర్భం – పరిశోధన ప్రయోజనం

ఈ చరిత్రను దిల్‌సుఖ్‌నగర్ – ఎల్.బి.నగర్ నేపథ్యంలో చదవడం వల్ల కలిగే ప్రయోజనం స్పష్టం. ఇక్కడి హాస్టళ్లలో ఉండే ఇరవై ఏళ్ల యువతకు మధుమేహం బయటపడితే అది టైప్ 1 కావచ్చు, టైప్ 2 కావచ్చు, రాళ్లతో కూడిన క్లోమవ్యాధి కావచ్చు. బక్కపలచగా ఉండటం ఒక్కటే ఏ రకాన్నీ తేల్చదు. చిత్రణ మూడవదానిని గుర్తించగలదు. మొదటి రెండింటిని వేరుచేసే శక్తి దానికి లేదు. అల్ట్రాసౌండ్‌లో క్లోమం బాగుందన్న వాక్యాన్ని ఇన్సులిన్ అవసరం లేదన్న అర్థంలో తీసుకుని, టైప్ 1 రోగి ఇన్సులిన్ మానితే కొద్దిరోజుల్లోనే కీటోఅసిడోసిస్‌తో ప్రాణాపాయం ఏర్పడుతుంది. ఒక వాక్యాన్ని తప్పుగా చదవడానికి చెల్లించే మూల్యం అంత పెద్దది.

రకాన్ని తేల్చడంలో ప్రతిరక్షకాల పరీక్ష, సి-పెప్టైడ్, రోగచరిత్ర ప్రధానమైనవి. 2020లో పుణె కేఈఎం ఆసుపత్రి, సీసీఎంబీ, బ్రిటన్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం, ఐరోపా జనాభా ఆధారంగా రూపొందిన జన్యు ప్రమాద సూచి భారతీయుల్లోనూ టైప్ 1ను వేరుచేయడంలో ఉపకరిస్తుందని చూపింది. బొమ్మ చెప్పలేని భేదాన్ని జన్యువు ద్వారా చదివే ప్రయత్నమిది. ఈ మార్గం కూడా కణాలను లెక్కించదు. వ్యాధి ఏ దారిలో వచ్చి ఉండవచ్చో సూచిస్తుంది.

8. ముగింపు

పై పరిశీలన ద్వారా తేలిన అంశాలు:

• బీటా కణాల గురించిన ప్రతి కొలతా ఒక ప్రతినిధి కొలతే. శవపరీక్ష రంగు పట్టిన కణాలను, సీటీ, ఎం.ఆర్.ఐ.లు అవయవ పరిమాణాన్ని, పెట్ స్కాన్ గ్రాహకాలను లేదా ప్రోటీన్లను, సి-పెప్టైడ్ స్రావాన్ని కొలుస్తాయి.

• చిత్రణకు ఎదురైన అడ్డంకి కేవలం యంత్రాల స్పష్టతకు సంబంధించినది కాదు. ఒకటి, రెండు శాతంగా, చెదిరిన దీవులుగా ఉండటం ఈ కణాల స్వభావంలోనే ఉంది. యంత్రం మెరుగైనా, బీటా కణానికే ప్రత్యేకమైన అణువు దొరికేదాకా ఈ చిక్కు పూర్తిగా వీడదు.

• రాళ్లు, కణితులు, ఒకచోట పేరుకున్న దోషభాగాల విషయంలో చిత్రణ అత్యంత విలువైనది. చిత్రణ పరిమితిని చెప్పడమంటే ఈ విలువను తగ్గించడం కాదు.

• కణరాశి, కణాల పనితీరు అన్న రెండు భావనలను తెలుగు వైద్యరచనలో వేర్వేరు పదాలతో నిలకడగా వాడటం అవసరం. ‘క్లోమం దెబ్బతింది’ అన్న ఒక్క వాక్యం నాలుగు వేర్వేరు స్థితులను కలగలిపేస్తోంది.

• ‘క్లోమం సాధారణం’ అన్న స్కాన్ వాక్యం ఆకృతికి మాత్రమే వర్తిస్తుంది. ఇన్సులిన్ గురించి అది ఏమీ చెప్పలేదని రోగికి తెలిసే భాషలో వివరించడం వైద్యుని బాధ్యత. ఆ భాషను సిద్ధం చేయడం వైద్యంతో పాటు తెలుగు అధ్యయనరంగం కూడా పంచుకోవలసిన పని.